వాగునకు చిట్టా, ఆవర్జా



“చెరువు నిండితే కప్పలు చేరవా?” యను సామెత మీరెల్లరు నెఱిగినదే. కలిమి కలిగినచోటికి బంధువులు పిలువకయే వత్తురను భావమున దీనిని వాడుచుందుము. కాని యొక్కమారు దీని మాటలను ఉన్నవి యున్నట్లుగా తీసికొని యోజింపుడు. తొలకరి దాటినది, చెరువు నిండినది, ప్రొద్దు గ్రుంకినది; అయినను కప్పల కూత వినరాలేదు. అప్పుడేమని తలంపవలెను? నీరున్నది గాని అది నీరుగా నుండలేదని తలంపవలెను. చెరువును చూచి మనము తెలిసికొనలేని సంగతిని కప్ప ముందుగా తెలిసికొన్నదని తలంపవలెను.

ఇది యూహ మాత్రము గాదు. మన కాజీపల్లి ప్రాంతమున శాస్త్రజ్ఞులు కొలిచి చూచిన సంగతి. దానిని వివరించి, మన సంఘము అప్పులకును ఎరువులకును లెక్క వ్రాసినట్లే వాగునకును చెరువునకును లెక్క యేల వ్రాయవలెనో, ఎట్లు వ్రాయవలెనో చెప్పుటకే యీ వ్యాసము.

కాజీపల్లి నేడు సంగారెడ్డి జిల్లాలోని గ్రామము. 2016 వఱకు మెదక్ జిల్లాలో నుండెను. హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామిక వాడల చెంత నున్నది. 1970వ దశకము నుండి పటాన్‌చెరులో మొదలై చుట్టుపట్ల వ్యాపించిన కర్మాగారములలో మందుల ముడిసరకును తయారుచేయునవి అనేకములు కలవు. దేశదేశముల రోగులకు స్వస్థత గూర్చు మందు లిచట పుట్టుచున్నవి. ఎందరో కూలీలకును ఉద్యోగులకును అన్నము పెట్టుచున్నవి. ఆ మేలును మఱువరాదు. కాని ఆ మందుల తయారీలో మిగిలిన వ్యర్థజలము ఏండ్ల తరబడి చెరువులలోనికిని వాగులలోనికిని చేరుటవలన ఆయకట్టు రైతులును, చేపల వృత్తివారును, పశువుల కాపరులును నష్టపోయిరి. నీరు పల్లమెఱుగును. ఇసుకవాగు నక్కవాగులో కలియును. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర గోదావరిలో కలియును. ఆ మంజీర మీదనే 1978లో మంచినీటి మొసళ్ల రక్షణకై అభయారణ్యము నేర్పఱచిరి. కావున ఒక యూరి తూము కడ జరిగిన తప్పు ఆ యూరితో నిలువదు.

శాస్త్రజ్ఞులు కనుగొన్నదేమి? పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును చేర్చి శుద్ధిచేయు ఉమ్మడి కర్మాగారమొకటి యున్నది. స్వీడను దేశమందలి గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోకిం లార్సన్ మొదలగువారు అచట శుద్ధియై వెలువడిన నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు కనబడెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాలుకంటె నిది మిక్కిలి యెక్కువ. ఒక్క దినమున బయటికి పోయిన యా మందు సుమారు 45 కిలోలని వారు లెక్కగట్టిరి. అంతటి మందు నాడు స్వీడను దేశప్రజ యంతయు అయిదు దినములలో వాడుకొనెడిది.

2009లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో యీ ప్రాంతపు చెరువులందును, గ్రామముల బావులందును మందుల జాడలు కనబడెను. 2014లో ప్రకటితమైన పరిశోధన కాజీపల్లి చెరువును గూర్చినదే. మందులకు లొంగని గుణము నిచ్చు జన్యువులు స్వీడనులోని యొక చెరువుకంటె కాజీపల్లి చెరువులో సుమారు 7,000 రెట్లు అధికముగా నున్నవని అందు తేలెను. దీని తాత్పర్యమును మన మాటలలో చెప్పుదుము. పొలములో ఒకే పురుగుమందును మఱల మఱల కొట్టినచో తట్టుకొన్న పురుగు మిగిలి, దాని సంతతి పెరిగి, తుదకు ఆ మందు పనిచేయదు. చెరువులోని కంటికి కానరాని క్రిములకు జరుగునదియు నిదియే. ఆ గుణము ఒక క్రిమి నుండి వేఱొక క్రిమికి అంటుకొనగలదు. రేపు బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఇచ్చిన మందు పనిచేయకపోవుటకు చెరువు కారణము కావచ్చునన్నమాట.

ఇక కప్ప సంగతి. ఆ శుద్ధి కర్మాగారపు నీటినే తీసికొని శాస్త్రజ్ఞులు తోకకప్పలపై ప్రయోగించి 2009లో ఫలితమును వెల్లడించిరి. 500 కడవల నీటిలో ఒక్క కడవ చొప్పున ఆ నీరు కలిసినను తోకకప్పల యెదుగుదల సుమారు నూటికి 40 పాళ్లు తగ్గిపోయెను. అంత పలుచనైన నీటిని మనము కంటితో చూచి గుర్తింపలేము, తోకకప్ప గుర్తించెను. సామెతకు శాస్త్రము వ్రాసిన వ్యాఖ్య యిది.

తరువాత కొన్ని మార్పులు జరిగినవి. ఆ యుమ్మడి కర్మాగారపు నీటిని ఇసుకవాగున విడువక, సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గమున హైదరాబాదు మురుగునీటి కాలువకు చేర్చి, అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపు నేర్పాటు 2009లో అమలునకు వచ్చెను. ఆ సంవత్సరముననే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి పారిశ్రామిక ప్రాంతములకు కాలుష్యపు మార్కులు వేయగా, పటాన్‌చెరు-బొల్లారమునకు నూటికి 70.07 వచ్చినవి. 70 దాటినచో మిక్కిలి ప్రమాదకరమని యర్థము. కాజీపల్లి చెరువు ఆ గొట్టపు దారిలో లేదు. దానికి హాని కలిగించినది వ్యర్థములను తెచ్చి పాఱబోయుట. 2017 అక్టోబరులో సమీపమందలి గండిగూడెం చెరువులో చేపలు పెద్ద యెత్తున చచ్చి తేలినవి. కావున ఒక గొట్టము వేసినంత మాత్రమున కాపలా అక్కఱలేకుండ పోదు.

న్యాయస్థానముల సంగతియు తెలిసికొనదగినది. పటాన్‌చెరులో వైద్యవృత్తి నవలంబించిన డాక్టర్ కిషన్ రావు మొదలగువారు గ్రామస్థులతో గలిసి యీ విషయమును పలుమాఱులు ప్రభుత్వము దృష్టికి తెచ్చిరి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలయ్యెను. నష్టపోయిన రైతులకు పరిహారమును, గ్రామములకు త్రాగునీటి సరఫరాను గూర్చి ఆ న్యాయస్థానము ఉత్తర్వు లిచ్చెను. 2001లో వ్యాజ్యము హైకోర్టునకు, 2013లో జాతీయ హరిత ధర్మాసనమునకు బదిలీ యయ్యెను. 2017 అక్టోబరులో తీర్పు వెలువడెను. మొదలు నుండి తుది వఱకు 27 సంవత్సరములు. వ్యాజ్యము పడిననాడు బడికి పోవుచున్న బాలుడు తీర్పునాటికి తన బిడ్డలను బడికి పంపు తండ్రి యయ్యెను.

ఇట్టి తగవులలో ఎప్పుడును ఎదురగు ప్రశ్నలు నాలుగు. ఏ దినమున? ఏ తావున? ఎంత? ముందెట్లుండెను? నష్టపోయిన రైతు “మా తాతల నాడు ఈ వాగు నీరు త్రాగెడివారము” అని చెప్పును. అది సత్యమే. కాని సత్యమునకు తేదీ లేకున్న కాగితముల నడుమ నది నిలువజాలదు. అంగడివాడు బాకీ వసూలు చేసికొనగలుగుట యతని నోటి బలముచేత గాదు, చిట్టాలో పద్దు ఉండుటచేత. మన సంఘములో ఒక రూపాయి లోటు వచ్చినచో ఏ దినము పద్దులో వచ్చెనో వెదకి పట్టుకొందుము. చెరువు పోయినను వెదకి చూచుకొనుటకు మనకొక పద్దు లేకుండుట న్యాయమా?

ఈ పని సంఘము చేయవలసినదేనా యని కొందఱు సభ్యులు సందేహింపవచ్చును. పంటను చూచి అప్పిచ్చునది మన సంఘము. ఆ పంటకు జామీను ఎవరు? కాగితము మీద సంతకము చేసిన యిద్దఱు సభ్యులు మాత్రమే కారు. మడికి పాఱు నీరే అసలైన జామీను. ఆ జామీను చెడినచో బాకీదారుడు ఎంత నిజాయితీపరుడైనను బాకీ తీఱదు. అదియునుగాక చెరువు గట్టును, తూమును, అలుగును పూర్వము నుండి ఊరందఱు గలిసి కాపాడుకొనుచు వచ్చిరి. చట్టములు పుట్టక పూర్వమే యుండిన సహకార మది. వ్యవసాయ పరపతి సంఘమును, మత్స్యకారుల సంఘమును యీ పనిలో చేయి కలుపుట మిక్కిలి యుచితము; ఏలయన ఒకరు నీటి పైభాగమును, ఒకరు నీటి లోభాగమును బాగుగా నెఱుగుదురు.

ఇక పద్ధతిని చెప్పెదము.

మొదటిది, తావులు. వాగు మీద మూడు తావులను నిర్ణయించుకొనుడు. అనుమానమున్న కాలువ కలియుచోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఇంకను చాల దిగువన పశువులు దిగు రేవు కడ ఒకటి. చెరువైనచో వాగు చేరుచోటు, తూము, అలుగు. ఆ తావులను మార్చరాదు. ఎగువ తావు లేకయున్న దిగువ లెక్కకు విలువ తగ్గును. పోల్చి చూచుటకు అదియే తరాజులోని రెండవ తట్ట.

రెండవది, కాలము. నెలకొకమాఱు, ఒకే వేళకు. నీటిలోని ప్రాణవాయువు రాత్రియెల్ల ఖర్చగుచు తెల్లవారుజామున మిక్కిలి తక్కువగా నుండును. కావున ఉదయమున చూచుట మంచిది. పెద్దవాన కురిసిన మఱునాడు తప్పక వేఱుగా చూడవలెను. కుంటలలో నిలిచినదియు, నేలపై పాఱబోసినదియు వానతోనే వాగులోనికి దిగును.

మూడవది, నీరు. రంగు, వాసన, నురుగు, నూనె తెట్టె అను నాలుగింటిని మాటలలో వ్రాయుడు. తెల్లని పళ్లెమును ముళ్లు వేసిన త్రాటికి కట్టి నీటిలో దింపి ఎన్నవ ముడి కడ కనబడకపోయెనో వ్రాయుడు. పీహెచ్ కాగితపు ముక్కలును, జేబులో పట్టు టీడీఎస్ మీటరును మితమైన వెలకు దొరకును. కేంద్ర మండలి వారి నియమము ప్రకారము చేపలకును జలచరములకును తగిన నీటికి పీహెచ్ 6.5 మొదలు 8.5 వఱకు నుండవలెను; లీటరునకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ ప్రాణవాయువు ఉండవలెను. సేద్యపు నీటికి పీహెచ్ 6.0 మొదలు 8.5 వఱకును, ఉప్పుల పాలును తెలుపు విద్యుద్వాహకత 2,250 మైక్రోమోలకు మించకుండను నుండవలెను. టీడీఎస్ మీటరు మీద నిది యించుమించు 1,450 అంకె. ఒక్కనాటి అంకెకంటె ఎగువ దిగువల నడుమ గల భేదమును, ఈ నెలకును పోయిన నెలకును గల భేదమును ముఖ్యము. ఎగువన 600, దిగువన 1,800 చూపినచో నడుమ నేదో కలిసినదని అక్షరము రానివాడును గ్రహింపగలడు.

నాలుగవది, ప్రాణులు. అంకెలు ఆ క్షణపు నీటిని చెప్పును. ప్రాణులు గడచిన నెలలను చెప్పును. రాత్రి విడిచిన విషము తెల్లవారునాటికి పాఱిపోవచ్చును. కాని రాళ్ల క్రింది పురుగు దానిని తప్పించుకొనజాలదు. వాగులో నాలుగు రాళ్లను తిరగవేసి, ఆకులను కడిగి, తెల్లని పళ్లెములో చూడుడు. తూనీగ పిల్లలు, నత్తలు, రొయ్యపిల్లలు, పలువిధముల పురుగులు కలిసి యున్న నీటికి ప్రాణమున్నది. బురదలో ఎఱ్ఱపురుగులు మాత్రమే గుంపుగా మిగిలినచో ప్రాణవాయువు తక్కువగా నున్నది. ఏమియు లేకున్న భయపడవలెను. వానకాలమున కప్పల కూతను, తోకకప్పలను, కప్ప గ్రుడ్లను తప్పక వ్రాయుడు.

చేపలను చూచునప్పుడు ఏ జాతివో చూడవలెను. కొఱమీను, మార్పు మొదలగునవి పైకి వచ్చి గాలి పీల్చుకొనగలవు. అవి బ్రతికియున్నంత మాత్రమున నీరు మంచిదని చెప్పరాదు. బొచ్చె, శీలావతి, చిన్న పరకలు బ్రతుకుచున్నవా యని చూడుడు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచి, పెద్దవి ముందుగా చచ్చుచుండినచో ప్రాణవాయువు లోటని యనుమానింపవచ్చును. ఏ వేళనైన, చిన్న పెద్ద యను భేదము లేక, కప్పలు నత్తలతో గూడ ఒక్కమాఱుగా చచ్చినచో విషమని యనుమానింపవలెను. రెండును వేర్వేఱు పద్దులు. పక్షులలో నీటికాకి, లకుముకి పిట్ట చేపలను పట్టి బ్రతుకునవి. వాని రాకపోకలను లెక్కింపుడు. మురుగునందును మేయు పక్షులు కొన్ని కలవు గనుక గుంపును మాత్రమే చూచి సంతసింపరాదు.

ఈ విధమైన లెక్క క్రొత్తది గాదు. దక్షిణాఫ్రికాలో తూర్పు సముద్రతీరమున నటాల్ అను సీమ కలదు. 1860 మొదలు చెఱకు తోటలలో పనికై మన తెలుగువారు ఓడలెక్కి పోయి స్థిరపడిన దేశమది. అచటి వాగులకై మినీశాస్ అను పద్ధతిని కల్పించిరి. నీటి పురుగులను 13 తెగలుగా విభజించి, మాలిన్యమునకు తాళలేని తెగలకు ఎక్కువ మార్కులును తాళగల వానికి తక్కువ మార్కులును వేసి, సగటు చూచి వాగు స్థితిని నిర్ణయింతురు. బడిపిల్లలును దీనిని చేయగలరు. ఇంగ్లండులో గాలమువేసి చేపలు పట్టువారు 2007 నుండి ఇట్టి పురుగుల లెక్కను నడుపుచున్నారు. లెక్క నిర్ణీతమైన హద్దుకంటె తగ్గినచో అధికారులకు తెలుపుదురు.

కొన్ని జాగ్రత్తలు. చేతికి రబ్బరు తొడుగు లేక అనుమానపు నీటిని ముట్టరాదు, రుచి చూడనేరాదు. ఒంటరిగా పోరాదు. రాత్రివేళ ట్యాంకరు కనబడినచో ఎదురుపడి తగవులాడక, దూరమునుండి వేళను, తావును, బండి నంబరును వ్రాసికొని అధికారులకు తెలుపుడు. చిట్టాలో కంటితో చూచినదే వ్రాయవలెను. “దిగువ తావున నీరు ఎఱ్ఱగా నున్నది, ఘాటైన వాసన, 40 చచ్చిన చేపలు” అని వ్రాయుడు. “ఫలానావారు విడిచిరి” అని ఊహించి వ్రాయకుడు. ఒక్క అబద్ధపు పద్దు పుస్తకమంతటిని చెఱచును. ఏమియు విశేషము లేని నెలయందును “విశేషము లేదు” అని తేదీ వేసి వ్రాయవలెను; మంచి దినముల లెక్క యున్నగాని చెడు దినము చెడుదని తేలదు.

ప్రమాదము కనబడిననాడు ఆలస్యము కూడదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ప్రకారము న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువదగిన నీటి నమూనాను మండలి యధికారులు విధ్యుక్తముగా తీయవలెను. మనము సీసాలో పట్టినది దానికి బదులు కాదు. కావున వెంటనే ఫోను చేసి, పిమ్మట వ్రాతపూర్వకముగా అర్జీ యిచ్చి, ముట్టినట్లు రసీదు పుచ్చుకొని, ఆ రసీదును చిట్టాకు అంటింపుడు. నమూనా ఫలితము ఇయ్యకున్న 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును.

ఈ చిట్టాకు శక్తి యెంతయో అంతే చెప్పవలెను. మన పీహెచ్ కాగితమునకు గాని మీటరునకు గాని మందుల జాడ కనబడదు. తేటగా నున్న నీరెల్ల మంచినీరు గాదు. మందుల కర్మాగారముల వ్యర్థజలములో ఈ జాతి మందులకు హద్దులు విధింపవలెనని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ముసాయిదా ప్రకటించినది గాని, 2021లో వెలువడిన తుది నియమములలో ఆ హద్దులు లేవు. కావున చట్టము కొలువుమని చెప్పని దానిని ఎవరును నిత్యము కొలిచి మనకు చెప్పుదురని నమ్మి యూరకుండరాదు. మన చిట్టా ప్రయోగశాల కాజాలదు. కాని ప్రయోగశాలవారు ఏ తావునకు, ఏ దినమున రావలెనో చెప్పగలదు. ఇరువదియేడు సంవత్సరముల వ్యాజ్యములో రైతు చేతిలో నుండవలసినది అదియే.

రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టుడు. ఒక పుస్తకము, ఒక మీటరు, కొన్ని కాగితపు ముక్కలు, ఒక తెల్లని పళ్లెము, ఇంతే ఖర్చు. వ్రాయుటకు ఇద్దఱు సభ్యులను, తోడుగా బడిలో చదువు బాలబాలికలను ఏర్పఱచుకొనుడు. నెలనెల పద్దును చిట్టాలో వ్రాసి, కారు కారునకు ఆవర్జాలో మొత్తము తేల్చి, మహసభలో జమాఖర్చులతో పాటు చదివి వినిపింపుడు.

మన అప్పుల పుస్తకములో “బాకీ చెల్లు” అను మాట చూచి సంతసింతుము. వాగు పుస్తకములో మనము కోరవలసిన మాట వేఱు. ఒక వానకాలపు రాత్రి కాజీపల్లి చెరువు గట్టున నిలిచి, విని, మఱునాడు వ్రాయవలసిన పద్దు అది: “కప్పలు కూసినవి.”